నడుం ఎవరి చేతిలో పెట్టాలి?

హమాలీ బస్తా మోస్తున్నంతసేపూ నడుముకి పెద్ద ప్రమాదం ఉండదు. ప్రమాదమంతా ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ ఉంటుంది. విశాఖ ఓడరేవు దగ్గరి గోదాముల్లో కాసేపు నిలబడి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఇద్దరు చెరో కొసా పట్టి బస్తా లేపుతారు. మూడో మనిషి వంగి వీపు పడతాడు. బరువు మెడకింద, భుజాల మధ్య కుదురుకోగానే లేచి గబగబా అడుగులేస్తాడు. బరువు వెన్నెముక మీదుగానే కిందికి దిగుతోంది కాబట్టి వెన్ను దాన్ని తట్టుకుంటుంది.

అదే మనిషి ఒక్కడే ముందుకు వంగి, నేల మీదున్న 50 కిలోల బస్తాని రెండు చేతులా లేపాడనుకోండి. బస్తా నడుముకి దాదాపు 40 సెంటీమీటర్ల ముందు ఉంది. దాన్ని వెనక నుంచి లాగి నిలబెట్టాల్సిన కండరాలు వెన్నుపూస మధ్యభాగానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఆ తూకం నిలవాలంటే కండరాలు ఎనిమిది రెట్లు లాగాలి. అంటే 400 కిలోల బరువుకు సమానమైన బలం. ఒంటి పైభాగం బరువు ఇంకా ఈ లెక్కలో కలపలేదు. ఇంత బలమూ వచ్చి పడేది నడుం అడుగునున్న రెండు డిస్కుల మీద. నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ నడుమ ఒకటి, ఐదో పూసకీ త్రికాస్థికీ నడుమ ఇంకొకటి. నడుం నొప్పుల్లో డిస్కు పేరెత్తినప్పుడల్లా ఎక్కువగా వినిపించేవి ఈ రెండే.

డిస్కుని పూర్ణం బూరెలా ఊహించుకోండి. బయట వలయాలు వలయాలుగా అల్లుకున్న గట్టి పీచుపొర, లోపల మెత్తటి గుజ్జు. ముందంచు మీద నొక్కితే గుజ్జు వెనక్కి తోసుకొస్తుంది. వంగి ఉండగానే నడుం పక్కకు తిప్పి బరువు విసిరితే పీచుపొర చిరిగే అవకాశం ఇంకా ఎక్కువ. వెనకాలే కాళ్లకు దిగే నరాల మొదళ్లున్నాయి. అలా బయటికొచ్చిన గుజ్జు నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పిక్క దాకా సర్రున లాగే సయాటికా నొప్పి వస్తుందని 1934లో బోస్టన్ సర్జన్లు మిక్స్టర్, బార్ వైద్యలోకానికి చూపించారు.

ఉక్కు కర్మాగారంలో బరువులన్నీ యంత్రాలే మోస్తాయి కదా, అక్కడివాళ్లకు నడుం నొప్పి ఎందుకు? షాపు కప్పు కింద పట్టాల మీద నడిచే ఈవోటీ క్రేను క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌ని గమనించండి. అతను చూడాల్సిన సరుకు తన కాళ్లకింద, ఎంతో లోతులో ఉంటుంది. కుర్చీకి వీపు ఆనించి కూర్చుంటే అది కనపడదు. అందుకని షిఫ్టంతా ముందుకు వంగి, మెడ దించి, ఒక పక్కకు తిరిగి పని చేస్తాడు. డంపర్లూ లోకోలూ నడిపేవాళ్లకు అదురు కూడా తోడవుతుంది. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు సుమారు 5 సార్లు ఊగే అదురుకి బాగా స్పందిస్తుంది, భారీ బండ్ల సీట్లలో పుట్టే అదురూ చాలావరకు ఆ దరిదాపుల్లోదే. పైగా పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. మనం లేచి తిరుగుతూ, వంగుతూ ఉంటేనే పోషకాలు దాని లోపలికి ఇంకుతాయి. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చోవడం కూడా డిస్కుకి కష్టమే.

ఓడరేవులో మొదటి ఓడ జలదుర్గ వచ్చింది 1933లో. ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది 1992లో. ఈ ఊళ్లో నాలుగు తరాలు ఒంటి కష్టం మీద బతికాయి. కాబట్టి నడుం పట్టేస్తే ఎవరి దగ్గరికి పోవాలన్నది ఇక్కడ ఇంటింటి ప్రశ్న. ఒకరు ఎముకల డాక్టరంటారు, ఒకరు పుత్తూరు కట్టంటారు, ఇంకొకరు మాలిష్ చేసేవాడి పేరు చెబుతారు. ఈ మధ్య కుర్రాళ్లు ఫోన్ తీసి వీడియో చూపిస్తున్నారు: బల్ల మీద పడుకున్న మనిషి మెడ ఒక్క విరుపు, నడుం ఒక్క విరుపు, టపటపమని చప్పుడు, లేచి నవ్వు. కైరోప్రాక్టిక్ అనే ఆ వైద్యానికి ఎప్పుడు పోవచ్చు, ఎప్పుడు పోకూడదు అన్నదే ఈ అధ్యాయం.

ఎవరి దగ్గరికీ పోనక్కర్లేని నొప్పి గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే నడుం నొప్పుల్లో ఎక్కువ భాగం అదే. బరువెత్తినప్పుడు కలుక్కుమంది, నడుం పట్టేసింది, వంగితే ఎక్కువవుతోంది, ఒక భంగిమలో తగ్గుతోంది, కాళ్లలో బలం బాగుంది, జ్వరం లేదు. ఇది చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. మంచం పట్టడం మందు కాదు. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి నగరపాలక సంస్థ ఉద్యోగులు 186 మందిని మూడు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టు రెండు రోజులు మంచం మీద విశ్రాంతి, ఒక జట్టు నడుం వ్యాయామాలు, మూడో జట్టు ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు. అందరికంటే బాగా కోలుకున్నది మూడో జట్టే.

ఎంఆర్ఐ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అనే మాట కనిపించగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. 1994లో అమెరికాలో అసలు నడుం నొప్పే లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. సగానికి పైగా మందిలో, 52 శాతంలో, కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. జుట్టు నెరిసినంత సహజంగా డిస్కులూ అరుగుతాయి. అందుకే మంచి డాక్టరు ఫిల్ము కంటే ముందు మనిషిని చూస్తాడు. నడిపించి చూస్తాడు, వెల్లకిలా పడుకోబెట్టి కాలు ఎత్తించి చూస్తాడు, మడమల మీద నడవమంటాడు, మోకాలి కింద సుత్తితో తట్టి చూస్తాడు.

ఇక కైరోప్రాక్టిక్. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో 1895లో డేనియల్ డేవిడ్ పామర్ దీన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన అయస్కాంత వైద్యం చేసేవాడు. తాను ఉండే భవనంలో ఊడ్చి తుడిచే హార్వీ లిల్లార్డ్‌కి చెవులు సరిగా వినపడేవి కావు. వీపు మీద ఎత్తుగా తగిలిన పూసను నొక్కి సరిచేశాననీ, వినికిడి తిరిగొచ్చిందనీ పామర్ చెప్పుకున్నాడు. అక్కణ్నుంచి ఏకంగా 95 శాతం రోగాలకు మూలం పక్కకు జరిగిన పూసలేనన్న సిద్ధాంతానికి పోయాడు. ఆ సిద్ధాంతం ఏ పరీక్షకూ నిలవలేదు. బీపీ, షుగరు, ఉబ్బసం, థైరాయిడ్ పూసలు సర్దితే పోవు. అలా పోతాయని చెప్పే క్లినిక్ గడప ఎక్కకండి.

ఆ టపటప చప్పుడు కూడా పూస ‘చోటుకి చేరిన’ చప్పుడు కాదు. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేలి కణుపు లాగుతూ ఎంఆర్ఐలో చూశారు. కీలు సాగగానే లోపలి ద్రవంలో ఒత్తిడి పడిపోయి వాయువుతో ఒక ఖాళీ ఏర్పడింది. చప్పుడు వచ్చింది సరిగ్గా ఆ క్షణంలోనే. చప్పుడు గట్టిగా వచ్చినంత మాత్రాన వైద్యం బాగా జరిగిందనుకోనక్కర్లేదు, రాకపోతే జరగలేదనీ కాదు.

సిద్ధాంతం నిలవకపోయినా, చేతి పనిలో కొంత ఫలితం ఉంది. దీన్ని దాచడం న్యాయం కాదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 47 ప్రయోగాలను, 9,211 మంది రోగుల వివరాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. దీర్ఘకాలిక నడుం నొప్పికి పూసల మీద చేసే ఈ చేతి వైద్యం, వ్యాయామం వంటి సిఫారసు చేసిన ఇతర పద్ధతులంత పని చేస్తుందని అది తేల్చింది. వాటికంటే ఎక్కువ కాదు, తక్కువా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో నడుం నొప్పి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు దీన్ని షరతులతో ఒప్పుకుంది. నడుం బెల్టులనూ, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్‌నూ మామూలుగా వాడవద్దంది. మన దగ్గర ప్రతి రెండో నడుం నొప్పి మనిషికీ మొదట అంటగట్టేది ఆ బెల్టే.

కాబట్టి నా తీర్పు ఇది. నడుం నొప్పి మూడు నాలుగు వారాలైనా తగ్గలేదు, ఒకసారి డాక్టరు చూసి ప్రమాద లక్షణాలేవీ లేవన్నారు, వ్యాయామం మొదలుపెట్టారు, అయినా బిగుతు వదలడం లేదు. అప్పుడు శిక్షణ ఉన్న చేతికి నడుం అప్పగించవచ్చు. ఆ చెయ్యి కైరోప్రాక్టర్‌దైనా, చేతి వైద్యం నేర్చిన ఫిజియోథెరపిస్టుదైనా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. విశాఖలో రెండోవాళ్లే తేలిగ్గా దొరుకుతారు. 2021లో వచ్చిన చట్టం ఫిజియోథెరపీని జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది, కైరోప్రాక్టిక్‌కి మాత్రం మన దేశంలో సొంత కౌన్సిల్ లేదు. బోర్డు మీద ఆ పేరు రాసుకున్న మనిషి ఎంత చదివాడో మనమే అడిగి తెలుసుకోవాలి. ఏ వైద్య నేపథ్యమూ లేనివాళ్లు కైరోప్రాక్టర్ కావాలంటే నాలుగేళ్ల చదువు, 4,200 గంటల శిక్షణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. శని, ఆదివారాల్లో నేర్చుకునే విద్య కాదిది.

మంచి చెయ్యి మీ ఒంటి మీద పడేముందు మిమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, రాత్రి నిద్ర లేపుతోందా, రక్తం పలుచబడే మందులేమైనా వాడుతున్నారా అని అడుగుతుంది. మీ చేత వ్యాయామం చేయిస్తుంది, ఇంటి దగ్గర చేయమని పంపిస్తుంది. ముప్పై సిట్టింగులకు ముందే డబ్బు కట్టమనే చోట లేచి వచ్చేయండి. నాలుగు వారాల్లో తేడా తెలియకపోతే ఆపేయండి.

ఇప్పుడు అసలు విషయం. కొన్ని నొప్పుల్లో నడుం మీద ఎవరి చెయ్యీ పడకూడదు.

అన్నిటికన్నా తొందరపడాల్సింది నడుం దిగువన ఉన్న నరాల గుత్తి నలిగినప్పుడు. డిస్కు గుజ్జు పెద్ద ముక్కగా బయటికొచ్చి, మూత్రాశయానికీ మలద్వారానికీ పోయే నరాలన్నిటినీ ఒకేసారి నొక్కేస్తుంది. నడుం నొప్పితో పాటు మూత్రం రావడం ఆగిపోతుంది, లేదా తెలియకుండానే కారిపోతుంది. సైకిల్ సీటు మీద ఆనే భాగమంతా మొద్దుబారుతుంది. కడుక్కునేటప్పుడు తన చెయ్యి తనకే తగిలినట్టు తెలియదు. రెండు కాళ్లూ బరువెక్కుతాయి. మనవాళ్లు ఇది బయటికి చెప్పడానికి సిగ్గుపడతారు. మగవాళ్లు షుగరు వల్లనో ప్రోస్టేటు వల్లనో అనుకుంటారు, ఆడవాళ్లు ఎవరికీ చెప్పరు. నొప్పి కొంచెం తగ్గినట్టనిపించి మరో రోజు ఆగుతారు. ఈ నరాలకు అంత వ్యవధి లేదు. ఆపరేషన్ ఎంత త్వరగా, వీలైతే ఒకటి రెండు రోజుల లోపే జరిగితే మూత్రం మీద అదుపు నిలిచే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యమైతే జీవితాంతం గొట్టం వేసుకుని బతకాల్సి రావచ్చు. ఈ లక్షణాలున్న మనిషిని రాత్రి ఎంతైనా సరే న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దాసుపత్రి అయిన కేజీహెచ్ ఉన్నది ఇలాంటి అవసరానికే.

దీనికంటే నెమ్మదిగా వచ్చేది కాలు పడిపోవడం. నడుస్తుంటే హవాయి చెప్పు జారిపోయినా తెలియదు. ముందరి పాదం లేవక నేలకు రాసుకుంటుంది. మడమల మీద నాలుగడుగులు వేయమంటే వేయలేరు. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతుంటే చేతుల్లో కూడా కనిపిస్తుంది: చొక్కా గుండీలు పట్టుదొరకవు, అన్నం ముద్ద కలుపుకోవడానికి వేళ్లు తడబడతాయి. ఈ మనిషి మెడ విరిచితే మిగిలిన బలమూ పోవచ్చు.

సాయంత్రం పూట సన్నగా జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఒకే పూస మీద తట్టితే గట్టిగా నొప్పి. వీటికి వెన్నెముక క్షయను అనుమానించాలి. 1779లో పెర్సివాల్ పాట్ వర్ణించిన ఈ జబ్బు మన దేశంలో ఇంకా మామూలే. క్షయ తొలిచిన పూస మీద అరచేత్తో గట్టిగా నొక్కితే అది కుప్పకూలవచ్చు. మందులు మాత్రం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, పూర్తిగా వాడితే నయమవుతుంది.

నలభై దాటని కుర్రాడు, పొద్దున లేచాక అరగంటకు పైగా నడుం కొయ్యబారి ఉంటుంది, అటూ ఇటూ తిరిగితే తేలికవుతుంది, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. ఇది బరువులెత్తి వచ్చిన నొప్పి కాకపోవచ్చు. పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే కీళ్లవాతం అయ్యుండొచ్చు. దానికి రుమటాలజిస్టు ఉన్నారు, మంచి మందులున్నాయి. అతుక్కున్న వెన్ను విరిస్తే విరుగుతుంది.

తెలుగువాళ్లం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఫ్లోరోసిస్. దేశంలో దీన్ని మొట్టమొదట గుర్తించిన చోట్లలో మనదీ ఒకటి. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాశారు. ప్రకాశం, నల్లగొండ జిల్లాల ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఎందరో పనుల కోసం ఇతర ఊళ్లకు చేరారు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి, వంగి నేల తాకలేరు. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా దట్టంగా, చాలా గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది పెళుసు. పైగా నరాలు పోయే దారులు అప్పటికే ఇరుకై ఉంటాయి. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారన్నది నడుం చూసేవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న.

కొలిమి దగ్గర పని చేసేవాళ్లకు ఇంకొకటి. నొప్పి నడుం పక్క నుంచి పొత్తికడుపుకీ గజ్జల్లోకీ దిగుతూ, ఏ భంగిమలోనూ కుదురుగా ఉండనివ్వకపోతే అది కిడ్నీ రాయి కావచ్చు. చెమట ఎక్కువ పోయి నీళ్లు తక్కువ తాగేవాళ్లలో రాళ్లు ఎక్కువ. ఉక్కు కార్మికుల్లో వేడి విభాగాలవాళ్లకు ఈ బాధ ఎక్కువని పరిశోధనల్లో తేలింది కూడా. అలాంటప్పుడు నడుం విరిచి లాభం లేదు.

వీటికి తోడు ఎప్పుడైనా కాన్సరు వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు, పైనుంచి పడ్డవాళ్లు ముందు ఆసుపత్రికే వెళ్లాలి.

మెడ గురించి విడిగా చెప్పాలి. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడపూసల పక్క రంధ్రాల్లోంచి పైకి ఎక్కి, మొదటి పూస దగ్గర మెలిక తిరిగి తలలోకి పోతాయి. మెడను ఒక్కసారిగా విరిచి తిప్పితే ఆ మెలిక దగ్గర గోడ లోపలి పొర చిరగొచ్చు. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం. ఇది అరుదు. కానీ వచ్చినప్పుడు ముప్పై, నలభై ఏళ్లవాళ్లకూ వస్తుంది. మెడను వెనక్కి వంచి ఉంచినా ఈ ధమనికి ఇబ్బందే. 2022లో హైదరాబాద్‌లో ఒక యాభై ఏళ్ల మహిళకు సెలూన్‌లో బేసిన్ అంచు మీద మెడ ఆనించి జుట్టు కడిగించుకుంటుండగా పక్షవాతం లక్షణాలు మొదలైన సంగతి పత్రికల్లో వచ్చింది. మంగలి షాపులో క్షవరం అయ్యాక ఉచితంగా వచ్చే మెడ విరుపును నేను వద్దనే అంటాను. ఎప్పుడూ లేని మెడ నొప్పి, తలనొప్పి అకస్మాత్తుగా వచ్చి, తల తిరగడం, చూపు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం ఉంటే అది పక్షవాతం కింద లెక్క. నడుముకి దొరికే పాటి మేలు కోసం మెడకు ఈ ప్రమాదం తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

క్లినిక్‌లన్నీ అటుంచితే, ఈ ఊళ్లో నడుం నొప్పికి ఎక్కువమంది ఆశ్రయించేది మందుల షాపులో దొరికే నొప్పి బిళ్లను. రోజు కూలీకి రోజు పోతే కూలి పోతుంది. పొద్దున ఒక బిళ్ల, సాయంత్రం ఒక బిళ్ల వేసుకుని పనికి పోతాడు. చెమటతో నీరు పోయిన ఒంట్లో ఈ బిళ్లలు కిడ్నీని దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి విశాఖలో పని చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకు అంతగా ఉందో శాస్త్రజ్ఞులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. ఆ ఊళ్లవాళ్లు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా నడుం నొప్పికి బిళ్లలు మింగకూడదు.

చివరిగా షిఫ్ట్ ఇన్‌చార్జిలకూ ముఠా మేస్త్రీలకూ కాంట్రాక్టర్లకూ ఒక విన్నపం. గాయం చేసేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే రాశారు. మగవాళ్లు చేత్తో ఎత్తే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. వీటిని పాటించండి. నడుం పట్టేసిన మనిషిని ఇంటికి పంపి కూలి కోయకండి, మళ్లీ బస్తా ఎత్తనూ ఎత్తించకండి. ఓ రెండు మూడు వారాలు లెక్క రాసే పనో, గేటు దగ్గర పనో, నిలబడి తిరిగే తేలికపాటి పనో ఇచ్చి పూర్తి కూలి ఇవ్వండి.